150 రూపాయల కుండ, 1200 రూపాయల కప్పు: మట్టి ధర ఎక్కడ మారుతుంది?

మార్చి దాటి ఎండలు ముదిరేసరికి ప్రతి ఊళ్ళోనూ రోడ్డు పక్కన కుండల బళ్ళు వస్తాయి. మంచినీళ్ళ కుండ 150 అంటే 100కి ఇస్తావా అని బేరం మొదలవుతుంది. అదే ఊళ్ళో ఏదో ఎగ్జిబిషన్‌లో చేత్తో చేసిన కాఫీ కప్పు మీద 1200 అని చీటీ ఉంటుంది. ఈ రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి సోషల్ మీడియాలో ఏటా ఒక వాదన నడుస్తుంది. కుమ్మరికి అన్యాయం జరుగుతోందని ఒకరంటారు. కప్పు కొన్నవాళ్ళు మోసపోయారని ఇంకొకరంటారు. కుండకి కూడా 1000 పెట్టాలి అని మరొకరు.

మట్టి అన్న మాట ఒకటే కాబట్టి పోలిక తేలిగ్గా తడుతుంది. కానీ ఈ రెండు వస్తువుల్లో మట్టి వేరు, మంట వేరు, పగిలితే నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్నది వేరు. ధరలో అసలు లెక్క ఆ చివరి దాంట్లోనే ఉందని నా అభిప్రాయం. అక్కడికి వెళ్ళాలంటే ముందు మట్టి దగ్గర మొదలుపెట్టాలి.

కుండ, జాడీ, పింగాణీ: తేడా అంతా మంటలోనే

కాల్చిన మట్టి పాత్రలను స్థూలంగా మూడు రకాలుగా చెప్పుకోవచ్చు. మొదటిది మన ఎర్ర కుండ. దీన్నే టెర్రకోట అంటాం. ఊళ్ళో కుండలు పేర్చి కాల్చే ఆవంలో సుమారు 700 నుంచి 1000 డిగ్రీల వేడిలో కాలుతుంది. ఆ వేడికి మట్టి గట్టిపడుతుంది గానీ లోపలి సన్నని రంధ్రాలు మూసుకుపోవు. అందుకే కుండ చెమరుస్తుంది.

రెండోది స్టోన్‌వేర్. పేరు కొత్తగా అనిపించినా వస్తువు మనకు బాగా తెలిసినదే. అమ్మమ్మ ఇంట్లో అటక మీది ఆవకాయ జాడీ ఆ రకమే. 1200 నుంచి 1300 డిగ్రీల దాకా కాలిస్తే మట్టిలో కొంత భాగం కరిగి, గాజులా మారి, రంధ్రాలను పూడ్చేస్తుంది. పైన గ్లేజ్ అనే గాజు పూత ఉంటుంది. ఉప్పు, నూనె, పులుపు ఏడాది పొడుగునా ఉన్నా జాడీ గోడలోకి దిగవు. అదే ఆవకాయ మట్టి కుండలో పెడితే నూనె బయటికి ఊరుతుంది, ఉప్పు పైకి పొంగి కుండ పొక్కులు లేస్తుంది.

మూడోది అసలైన పింగాణీ. తెల్లటి కయోలిన్ మట్టితో చేసి ఇంకా ఎక్కువ వేడిలో కాలుస్తారు. పల్చగా, తెల్లగా ఉంటుంది, దీపం ముందు పెడితే వెలుగు కాస్త లోపలికి తెలుస్తుంది. వాడుకలో మెరిసే కప్పులన్నిటినీ పింగాణీ అనేస్తాం గానీ, వాటిలో చాలా వరకు ఈ రకం కాదు.

మరి ఊరి కుమ్మరి జాడీ ఎందుకు చేయడు? చేతకాక కాదు. చెరువు మట్టిలో ఇనుము ఎక్కువ. ఎరుపు రంగు దాని వల్లనే వస్తుంది. అదే ఇనుము ఎక్కువ వేడిలో మట్టిని త్వరగా కరిగిస్తుంది. 1250 డిగ్రీల దాకా తీసుకెళ్తే మామూలు ఎర్ర కుండ నిలబడదు, కుంగిపోతుంది. పైగా గడ్డి, ఊక, కట్టెలు వేసి మట్టితో మెత్తిన ఆవం అంత వేడికి చేరదు. స్టోన్‌వేర్ చేయాలంటే వేరే మట్టిని ఎక్కణ్ణుంచో తెప్పించుకోవాలి, ఇటుకలతోనో ఫైబర్‌తోనో కట్టిన కిల్న్, అంటే మూసిన బట్టీ, కావాలి. 1200 రూపాయల కప్పు దాదాపు ఎప్పుడూ ఈ రెండో రకమే.

నీళ్ళు ఎందుకు చల్లబడతాయి: ఒక చిన్న లెక్క

తక్కువ వేడిలో కాల్చడం ఒక లోపమని కొందరనుకుంటారు. మంచినీళ్ళ కుండకు అదే ప్రాణం.

10 లీటర్ల కుండ తీసుకుందాం. సన్నని రంధ్రాల గుండా నీళ్ళు బయటి గోడ మీదికి వచ్చి ఆవిరవుతాయి. ఒక కిలో నీరు మామూలు వేడి దగ్గర ఆవిరి కావడానికి సుమారు 580 కిలో కేలరీల వేడి కావాలి. 200 మిల్లీలీటర్లు ఆవిరైతే 116 కిలో కేలరీలు. ఆ వేడంతా లోపలి నీళ్ళ నుంచే పోయిందనుకుంటే 10 లీటర్ల నీళ్ళు 11 డిగ్రీల పైచిలుకు చల్లబడాలి. బయటి గాలి వేడి మళ్ళీ లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి నిజంగా అంత తగ్గదు. అయినా ఒక గ్లాసు నీళ్ళు ఇంత పని చేస్తాయి, ఒక్క యూనిట్ కరెంటు లేకుండా.

దీనికి ఒక హద్దు ఉంది. గాలిలో తేమ ఎంత ఎక్కువుంటే ఆవిరి అంత తగ్గుతుంది. మే నెలలో 42 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న తెలంగాణ ఊళ్ళో కుండ నీళ్ళు సిద్ధాంతం ప్రకారం 24 డిగ్రీల దాకా దిగగలవు. 36 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న కోస్తా ఊళ్ళో 30 దగ్గరే ఆగిపోతాయి. ఒకే కుమ్మరి చేసిన కుండ కర్నూలులో మెప్పు పొంది, మచిలీపట్నంలో చల్లబడట్లేదని మాట పడితే తప్పు కుండది కాదు.

కుండ మీద నిగనిగలాడే పెయింటు వేసి అమ్మితే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. అందం పెరిగి చల్లదనం పోతుంది. కొనేటప్పుడు ఈ ఒక్కటి గుర్తుంటే మేలు.

సారె మీద పని కొద్ది నిమిషాలు, మిగతాది రోజులు

కుమ్మరి పని అనగానే అందరికీ తిరిగే సారె గుర్తొస్తుంది. నిజానికి సారె మీద కుండ ఉండేది చాలా తక్కువసేపు. అంతకు ముందు మట్టి తేవాలి, ఎండబెట్టి గడ్డలు చితకగొట్టాలి, రాళ్ళు ఏరాలి, నానబెట్టాలి, సన్న ఇసుకో బూడిదో కలపాలి, కాళ్ళతో తొక్కాలి. తొక్కేటప్పుడు మడమ కింద చిన్న రాయి తగిలినా ఆగి తీసేస్తారు. సున్నపురాయి ముక్క ఒక్కటి ఉండిపోతే కాల్చిన కొన్నాళ్ళకు అది తేమ పీల్చి ఉబ్బి, కుండ గోడ పెచ్చులా ఊడుతుంది.

సారె మీంచి దిగింది ఇంకా కుండ కాదు. ఒక కుమ్మరి ఇంటి వాకిట్లో మధ్యాహ్నమంతా కూర్చుని చూసేదాకా ఈ సంగతి నాకూ తెలియదు. సారె మీద చేసింది మందపాటి గోడ, చక్కగా తీర్చిన మూతి. అడుగు సరిగ్గా మూసి కూడా లేదు. అది కాస్త ఆరి పదునుకొచ్చాక ఒడిలో పెట్టుకుని, లోపల ఎడమ చేత్తో గుండ్రటి రాయి ఆనించి, బయట నుంచి చెక్క బద్దతో కొట్టడం మొదలుపెట్టారు. టప్ టప్ అని ఒకే లయ. కొట్టిన కొద్దీ గోడ పల్చబడి కిందికి సాగుతుంది, అడుగు కొంచెం కొంచెంగా మూసుకుంటుంది. లోపలి రాయీ బయటి బద్దా కలిసే చోటు కంటికి కనిపించదు. చెయ్యి చూసుకోవాలి, చెవి వినాలి. గోడ పల్చబడిన చోట చప్పుడు మారుతుంది. అప్పుడు దెబ్బ తేలిక చేస్తారు. ఒక విడత కొట్టి నీడన పెట్టి, మళ్ళీ కాస్త ఆరాక ఇంకో విడత. కుండ అడుగు గుండ్రంగా ఉండటానికి కారణం ఈ కొట్టుడే. కుళాయి బిగించి, బల్ల మీద నిలబడే చదును అడుగు కుండల్లో చాలా వాటికి ఈ పని ఉండదు. అచ్చులోనో సారె మీదనో అయిపోతాయి.

ఈ పనుల్లో ఆడవాళ్ళ వాటా చిన్నది కాదు. మట్టి మెదపడం, మోయడం, జాజు (ఎర్రమట్టి రంగు) పూయడం, ఆరబెట్టడం, తిప్పిపెట్టడం, గంపలో పెట్టి అమ్మడం. అయినా చాలాచోట్ల ఆచారం పేరుతో వాళ్ళను సారె ముట్టనివ్వలేదు. అందుకే "కుమ్మరి" అనగానే మన కళ్ళ ముందుకు ఒక మగమనిషే వస్తాడు. ఇంటిల్లిపాది చేసే పనికి ఒక్కరి పేరే మిగిలింది.

ఆవం: అన్నీ ఒకేసారి పణంగా పెట్టే రోజు

"కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" అన్న సామెత కుండలు పగలగొట్టడం గురించి: కుమ్మరి ఏడాది కష్టం దుడ్డుకర్రకు ఒక్క దెబ్బే. ఆ ఒక్క పెట్టు కర్రే వేయక్కర్లేదు, మంట కూడా వేయగలదు.

పచ్చి కుండలో తడి మిగిలి ఉంటే 100 డిగ్రీల దగ్గర ఆవిరై గోడను చీల్చుకుని వస్తుంది. అది పోయాక కూడా మట్టి కణాల్లో బంధమై ఉన్న నీరు 450 నుంచి 600 డిగ్రీల మధ్య వదులుతుంది. ఆ తర్వాత దాన్ని మళ్ళీ నానబెట్టి మట్టి చేయలేం. 573 డిగ్రీల దగ్గర ఇసుకలోని క్వార్ట్‌జ్ ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే ముడుచుకుంటుంది. ఆ దశలో వేడి తొందరగా మారితే సన్న పగులు పడుతుంది. పాత ఆవంలో థర్మామీటర్ ఉండదు. పొగ రంగు, సందుల్లో కనిపించే ఎరుపు, తమ అనుభవం, అంతే. గాలి ఒక పక్క నుంచే వీస్తే ఆ పక్క ఎక్కువ కాలి, అవతలి పక్క పచ్చిగా ఉంటుంది. నడిరాత్రి వాన పడితే చెప్పేదేముంది.

కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూడటం మన పెద్దవాళ్ళ అలవాటు. ఖంగుమంటే బాగా కాలింది, మొద్దుగా పలికితే లోపల పగులుంది. ఆవం విప్పిన రోజు కుమ్మరి ఇంట్లో వినబడే చప్పుడు ఇదే. ఒక్కో కుండా బయటికి తీసి, బూడిద దులిపి, కొట్టి, విని, ఇటో అటో పెడతారు. రెండు వారాల కూలి ఎంత అన్నది ఆ గంటలో తేలుతుంది.

కుండ లెక్క

ఇప్పుడు అంకెలు వేసి చూద్దాం. ఇవి లెక్క అర్థం కావడానికి నేను అనుకున్న అంకెలు. ఊరిని బట్టి, ఏడాదిని బట్టి మారతాయి.

ఒక ఆవానికి 200 కుండలు. మట్టికి 3,000, కట్టెలు-ఊక-గడ్డికి 4,000, జాజూ ఇసుకా వగైరా 500. మొత్తం 7,500. ఇద్దరు మనుషులు 15 రోజులు పని చేస్తే 30 పనిదినాలు. ఆవంలో 30 కుండలు పోయాయి, 170 మిగిలాయి. బండివాళ్ళకు ఒక్కొక్కటి 80 చొప్పున ఇచ్చేస్తే 13,600. ఖర్చు తీసేస్తే 6,100. పనిదినానికి 203 రూపాయలు.

అదే ఆవంలో 60 పోతే? అమ్మకం 11,200, మిగిలేది 3,700. పనిదినానికి 123. పని, మట్టి, కట్టెలు అన్నీ అంతే పడ్డాయి. మారింది మంట ఒక్కటే.

బండివాళ్ళకు ఇవ్వకుండా తామే అమ్ముకుంటే బాగుంటుంది కదా అని చాలామంది సలహా ఇస్తారు. 170 కుండలు 150 చొప్పున అమ్మితే 25,500. దాంట్లోంచి తయారీ ఖర్చు 7,500, ఆటోకూ చోటుకూ ఇంకో 3,000 పోతే మిగిలేది 15,000. కానీ అమ్మడానికి ఒకరు మరో 15 రోజులు ఎండలో కూర్చోవాలి. 45 పనిదినాలకు రోజుకు 333. ఫరవాలేదు. ఇప్పుడు కొన్నవాళ్ళందరూ బేరమాడి 100కే తీసుకెళ్ళారనుకోండి. 17,000 లోంచి 10,500 పోగా 6,500. రోజుకు 144.

మనం తగ్గించింది 50 రూపాయలు, అంటే ధరలో మూడో వంతు. వాళ్ళ రోజు కూలిలో పడిపోయింది సగం కన్నా ఎక్కువ. మట్టి, కట్టెలు, ఆటో బేరానికి తగ్గవు కాబట్టి తగ్గినదంతా కూలిలోంచే పోతుంది.

ఈ లెక్కలో బండివాళ్ళను దళారులని తిట్టడమూ సరికాదు. 80కి కొన్న కుండ దారిలో పగిలితే వాళ్ళదే నష్టం. అమ్ముడుపోకపోతే వాన రోజుల్లో దాచుకోవడానికి వాళ్ళకీ చోటుండదు.

కప్పు లెక్క

సిటీలో చిన్న స్టూడియో పెట్టుకున్న ఒక సిరామిక్ ఆర్టిస్ట్ నెలకు 100 కప్పులు చేస్తున్నారనుకుందాం. స్టోన్‌వేర్ మట్టి ఆరి, కాలేసరికి మొత్తం మీద సుమారు 12 శాతం కుదించుకుపోతుంది. 9 సెంటీమీటర్ల కప్పు కావాలంటే సారె మీద 10.2 సెంటీమీటర్లు లేపాలి. పిడి అతికించిన చోట ఆరేటప్పుడు పగులు రావచ్చు. రెండుసార్లు కాల్చాలి: ముందు 900 నుంచి 1000 డిగ్రీల దగ్గర బిస్క్ అనే తొలి కాల్పు, తర్వాత గ్లేజ్ వేసి 1200 పైన. గ్లేజ్ కారి షెల్ఫ్‌కు అంటుకోవచ్చు, సూది పొడిచినట్టు చుక్కలు పడొచ్చు. 100లో 80 అమ్మదగ్గవి మిగిలాయనుకుందాం.

అద్దె 12,000. కరెంటు 6,000 (నెలకు 8 ఫైరింగులు, ఒక్కో దానికి 80 యూనిట్ల చొప్పున). మట్టి, గ్లేజ్ సామాను 5,000. ప్యాకింగ్, రవాణా 3,000. కిల్న్, సారె కోసం తీసుకున్న అప్పు వాయిదా 6,000. మొత్తం 32,000.

కప్పు 1200 అయినా షాపు 40 శాతం తీసుకుంటే చేతికి వచ్చేది 720. 80 కప్పులూ అమ్ముడైతే 57,600 వచ్చి 25,600 మిగులుతుంది. 50 మాత్రమే అమ్ముడైతే 36,000 వచ్చి 4,000 మిగులుతుంది. ఆ 50నే నేరుగా అమ్ముకోగలిగితే 28,000. అందుకే స్టూడియోల్లో చాలామందికి వారాంతపు క్లాసులే అసలు ఆధారం. కప్పు చూసి అబ్బో అనుకుంటాం గానీ ఆ ఇంటి అద్దె కట్టేది చాలాసార్లు సారె నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళ ఫీజు.

రెండు లెక్కలనూ పక్కపక్కన పెడితే ఒకటి తేలుతుంది. కప్పు ధరలో పగిలిన 20 కప్పుల ఖర్చు, అద్దె, అప్పు అన్నీ ముందే కలిపి ఉన్నాయి. కొనేవాళ్ళు వాటిని మోస్తున్నారు. కుండ ధరలో పగిలిన 30 కుండలు లేవు. ఇంటి వాకిలి అద్దె లేదు, ఆడవాళ్ళ కూలి లేదు. వాటిని కుమ్మరి ఇల్లే మోస్తోంది. నాకు కనిపించే అసలు తేడా ఇదే.

మేర పోయింది, మార్కెట్ వచ్చింది

కుండ ధరలో నష్టం ఎందుకు కలవలేదు అంటే, ఒకప్పుడు కుండకు ధరే లేదు. ఊరికి కావలసిన కుండలు, కడవలు, చట్టీలు, మూకుళ్ళు కుమ్మరి ఇంటి నుంచి వెళ్ళేవి. పంట నూర్చాక కళ్ళంలో కుమ్మరికి మేర, అంటే ధాన్యంలో వాటా, కొలిచేవారు. కుండ పగిలితే ఇంకొకటి వచ్చేది, ఆవం పాడైనా మేర ఆగేది కాదు. దీన్ని స్వర్ణయుగంలా చెప్పనక్కర్లేదు. కులాన్ని బట్టి పని, పనిని బట్టి గౌరవం నిర్ణయమైపోయిన ఏర్పాటు అది. మేర ఎంత కొలవాలన్నది భూమి ఉన్నవాళ్ళ చేతిలో ఉండేది. కానీ నష్టాన్ని ఊరంతా పంచుకునే పద్ధతి ఒకటి అందులో ఉండేది. సత్తు గిన్నెలు, స్టీలు, ప్లాస్టిక్ బిందెలు, ఫ్రిజ్ వరసగా వచ్చేసరికి రోజువారీ కుండ పోయింది, దాంతో మేరా పోయింది. నష్టం మాత్రం కుమ్మరి దగ్గరే ఉండిపోయింది.

మిగిలింది పండగలూ శుభాశుభాలూ. పెళ్ళికి ఐరేని కుండలు, ఆషాఢంలో బోనం కుండలు, దీపావళికి ప్రమిదలు, సంక్రాంతికి పొంగలి కుండ, చివరికి పాడె ముందు నిప్పు కుండ. కల్లు గీసేచోట లొట్లు. ఈ జాబితాలో ఒక చిక్కుంది. ఎండాకాలం కుండ చలికాలంలోనే చేసి పెట్టుకోవాలి, డబ్బు నెలల తరబడి మట్టిలో ఇరుక్కుంటుంది. బోనాలు, దీపావళి గిరాకీ వానల్లోనో వానల వెంటనో వస్తుంది. అప్పుడు మట్టి ఆరదు, ఆవం అంటుకోదు. సరిగ్గా ఆ సందులోంచే వేరే చోట్ల అచ్చులతో లక్షల్లో చేసిన ప్రమిదలు మన బజార్లోకి వస్తున్నాయి.

చెరువు మట్టి ఎవరిది?

ఒకప్పుడు ఊరి చెరువులో మట్టి తీసుకోవడం కుమ్మరికి అలవాటైన హక్కు. ఇప్పుడు చాలా ఊళ్ళలో చెరువు చుట్టూ ప్లాట్లు పడ్డాయి, లేదా మట్టి టిప్పర్లలో ఇటుక బట్టీలకూ లేఅవుట్లకూ పోతోంది. చట్టం కుమ్మరిని పూర్తిగా వదిలేయలేదు. కేంద్ర పర్యావరణ శాఖ 2016 జనవరి 15న ఇచ్చిన నోటిఫికేషన్‌లో, కుండలూ దీపాలూ బొమ్మల కోసం కుమ్మరులు ఆచారం ప్రకారం చేత్తో తవ్వుకునే మామూలు మట్టికి పర్యావరణ అనుమతి అక్కర్లేదని ఉంది.

గమనించాల్సిన మాట "చేత్తో". జేసీబీతో తవ్వి ట్రాక్టర్‌లో తెచ్చుకుంటే ఆ మినహాయింపు వర్తిస్తుందా అన్న ప్రశ్న వస్తుంది. చేత్తో తవ్వే ఓపిక ఇంట్లో పెద్దవాళ్ళకు లేదు, పిల్లలు వేరే పనుల్లో ఉన్నారు. పైగా అనుమతి అక్కర్లేకపోయినా చెరువులో మట్టి ఉండాలి కదా. పూడిక తీసినప్పుడు పై మట్టి పొలాలకు వెళ్ళడం మంచిదే. దాని కింద ఉండే జిగురు మట్టిలో కుమ్మరి వాటా ఎంతన్నది మాత్రం ఎక్కడా రాసి పెట్టడం లేదు.

కరెంటు సారె, అప్పు, శిక్షణ: ఏది ఎంత పనికొస్తుంది

ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2018లో కుమ్మరుల కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టి కరెంటు సారెలు పంచడం ప్రారంభించింది. 2023 సెప్టెంబర్ 17న వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కుమ్మరి పని ఒకటి. శిక్షణ రోజుల్లో రోజుకు 500 స్టైపెండ్, పనిముట్లకు 15,000 విలువైన వోచర్, 5 శాతం వడ్డీకి హామీ లేకుండా ముందు లక్ష, అది తీర్చాక రెండు లక్షల దాకా అప్పు. ఇవి దాని ముఖ్యాంశాలు.

కరెంటు సారె వల్ల మేలు లేదనడం తప్పు. బరువైన సారెను కర్రతో తిప్పి, వంగి కూర్చుని చేసే పనిలో నడుము, భుజాలు, మోకాళ్ళు పోతాయి. కుర్చీ ఎత్తులో కూర్చుని చేయడం వల్ల వయసు మళ్ళినవాళ్ళు ఇంకొన్నేళ్ళు పని చేయగలుగుతారు. ఆచారం అడ్డుపడని కొత్త యంత్రం కాబట్టి ఆడవాళ్ళు దాని మీద కూర్చోవడం కూడా తేలికైంది. ఈ ఒక్క కారణానికైనా నేను దాన్ని స్వాగతిస్తాను.

అవతలి వాదనలోనూ బలముంది. సారె మీద పడేది కొద్ది నిమిషాలే అని పైన చూశాం. దాన్ని వేగం చేస్తే ఎక్కువ పచ్చి కుండలు వస్తాయి. ఆరబెట్టే చోటు, కొట్టే చేతులు, ఆవం, కొనేవాళ్ళు పెరగకపోతే ఆ వేగం ఎక్కడో ఆగిపోతుంది. ప్రమిదలు, టీ కప్పుల్లాంటి చిన్న వస్తువులకు కరెంటు సారె చాలా ఉపయోగం. మంచినీళ్ళ కుండకు కొంతే. పై లెక్కలో 60 పగిలిన ఆవాన్ని 20కి తెచ్చే మంచి కిల్న్ దొరికితే పనిదినానికి కూలి 123 నుంచి 230కి పెరుగుతుంది. సారె మార్చడం కన్నా మంట మార్చడమే ఎక్కువ ఫలితమిస్తుందని అంకెలు చెబుతున్నాయి. కానీ కిల్న్ ఖరీదు పెద్దది, ఒక ఇంటికి మించిన పని. నలుగురైదుగురు కలిసి వాడుకునే షెడ్డు అయితేనే కుదురుతుంది.

రైల్వే టీ కప్పు నేర్పిన పాఠం

2004లో అప్పటి రైల్వే మంత్రి లాలూ ప్రసాద్ స్టేషన్లలో మట్టి కప్పుల్లో టీ ఇవ్వాలన్నారు. కొన్నాళ్ళకు అది సన్నగిల్లింది. 2019లో వారణాసి, రాయ్‌బరేలీ స్టేషన్లతో మళ్ళీ మొదలైంది. 2020 నవంబర్‌లో అప్పటి రైల్వే మంత్రి పీయూష్ గోయల్ దేశంలోని అన్ని స్టేషన్లకూ విస్తరిస్తామని ప్రకటించారు. మీ ఊరి ప్లాట్‌ఫామ్ మీద మట్టి కప్పు కనబడుతోందో లేదో మీకే తెలుసు.

టీ అమ్మేవాళ్ళు చెప్పేది కూడా వినాలి. మట్టి కప్పు పేపర్ కప్పు కన్నా ఖరీదు, బరువు, సంచీలో పగులుతుంది. పర్యావరణం వైపు నుంచి ఇంకో ప్రశ్న ఉంది: ఒక్కసారి తాగి పారేసే వస్తువు కోసం సారవంతమైన మట్టీ కట్టెలూ ఖర్చు చేయాలా? కాల్చిన మట్టి ప్లాస్టిక్‌లా విషం కాదు గానీ మళ్ళీ పంట మట్టిగా కూడా మారదు. మరోవైపు, నమ్మకమైన ఆర్డర్ రోజూ ఉంటే కుమ్మరికి అంతకు మించిన వరం లేదు.

ఆ నమ్మకం ఎలా ఉంటుందో చూడాలంటే పూరీ వెళ్ళాలి. జగన్నాథుడి వంటశాలలో మహాప్రసాదం వండేది కొత్త మట్టి కుండల్లోనే. ఇవాళ్టి కుండ రేపు వాడరు. ఆ కుండలు అందించడం కుమ్మరులకు తరతరాల సేవ. తిరుమలలోనూ గర్భాలయంలోకి వెళ్ళే నైవేద్యం పగిలిన కుండ పెంకులో పెట్టిన పెరుగన్నమేనని చెప్తారు. కురువ నంబి అనే కుమ్మరి భక్తుడి కథ దాని వెనక ఉంది. కానీ పూరీలో నిలబడింది కథ వల్ల మాత్రమే కాదు. రోజూ కావాలి, మానడానికి లేదు, కొనేవాళ్ళు మారరు. రైల్వే ఆదేశంలో ఈ మూడోది లోపించింది. మంత్రి మారితే కప్పు మారింది.

"ఆర్టిస్ట్" అన్న మాటకు విలువ ఎంత?

గుర్‌చరణ్ సింగ్ జపాన్ వెళ్ళి సిరామిక్స్ నేర్చుకొచ్చి 1952లో ఢిల్లీలో స్టూడియో పెట్టారు. 1971లో రే మీకర్, డెబోరా స్మిత్ పాండిచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టారు. మన దేశంలో స్టూడియో పాటరీ ఈ దారుల్లోంచి వ్యాపించింది. వీళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఎక్కువమంది కుమ్మరి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు కారు. మట్టిని ఎంచుకుని వచ్చారు.

ఎంచుకోగలగడం, వదిలేయగలగడం. ఈ రెండూ ఉన్నవాళ్ళకు ఆర్టిస్ట్ అన్న మాట సులువుగా దొరుకుతుంది. కప్పు అడుగున సంతకం ఉంటుంది, దాని ఖరీదులో ఆ పేరుకూ వాటా ఉంటుంది. కుండ మీద పేరు ఉండదు. అలా అని పేరున్న ప్రతిదీ గొప్పది, లేనిది మామూలుది అనుకోకూడదు. జపాన్‌లో మట్టిపాత్రల కళాకారుడు హమాడా షోజీ పేరు ప్రపంచమంతా తెలిశాక కూడా తన పాత్రల మీద ముద్ర వేయలేదు. అక్కడి తత్వవేత్త యనాగి సోయెత్సు, పేరు లేని పనివాళ్ళు చేసిన రోజువారీ గిన్నెల్లోనే అసలైన అందం ఉందని వాదించారు. ఆ వాదన మీద ఒక విమర్శ కూడా ఉంది: పేరు వద్దనుకునే స్వేచ్ఛ పేరొచ్చినవాళ్ళకే ఉంటుంది. నాకు ఆ విమర్శ న్యాయమనిపిస్తుంది.

చిత్తూరు జిల్లా పలమనేరు వైపు టెర్రకోట పనివాళ్ళు ఈ గీతను కొంత చెరిపారు. కుండలు చేసిన చేతులే ఇళ్ళ ముందు పెట్టుకునే గుర్రాలు, తొట్లు, గోడ పలకలు చేస్తున్నాయి. వాటికి బేరం తక్కువ, ధర ఎక్కువ. అయితే అలంకరణ వస్తువు ఒకసారి కొంటే మళ్ళీ పదేళ్ళ దాకా కొనరు. కుండ అయితే రెండు మూడు ఎండాకాలాలకు రంధ్రాలు నీళ్ళలోని ఉప్పుతో పూడుకుపోయి కొత్తది కావలసి వస్తుంది.

మట్టిపాత్రలో వంట గురించి రెండు మాటలు

ఇప్పుడు గిరాకీ బాగా పెరిగింది వంట పాత్రలకే. వేడి నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుంది కాబట్టి పప్పు, చేపల పులుసు అడుగంటకుండా మగ్గుతాయి. రుచి వేరుగా ఉండటం నిజం. రోగాలు నయమవుతాయన్న ప్రచారానికి మాత్రం ఆధారం లేదు. జాగ్రత్త పడాల్సింది మెరుపు విషయంలో. తక్కువ వేడిలో కాల్చిన పాత్రకు సీసం కలిసిన గ్లేజ్ వేస్తే చింతపండు లాంటి పులుపుకు ఆ సీసం కూరలోకి దిగవచ్చు. పూత లేని ఎర్ర చట్టి ఈ విషయంలో నిశ్చింత.

చేసేవాళ్ళ ఆరోగ్యం మీద ఇంత మాట్లాడుకోం. పొడి మట్టిలోని సన్నని సిలికా దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోయే సిలికోసిస్ వస్తుంది. స్టూడియోల్లో నేల ఊడ్వరు, తడిబట్టతో తుడుస్తారు, గ్లేజ్ కలిపేటప్పుడు మాస్క్ పెట్టుకుంటారు. ఊళ్ళో మట్టి గడ్డలు చితకగొట్టే ఆడమనిషికి కొంగే మాస్క్.

ఆవం విప్పిన రోజు పగిలిన పక్క పెట్టిన కుండలేమవుతాయని అడిగాను. వాటిని పారేయరు. పెంకులను ఏరి ఒక మూల పోగు పెడతారు. తర్వాతి ఆవం పేర్చాక, పచ్చి కుండల మీద ముందుగా కప్పేది ఆ పెంకులనే. వాటి మీద గడ్డి, గడ్డి మీద మట్టి మెత్తు, ఆ తర్వాత నిప్పు.